సిద్ధుల్లో కపిలుణ్ణి అన్నాడెందుకు?

కార్తీకమాసంలో అమ్మ రోజుకో అధ్యాయం చొప్పున గీత చదువుతుంది. దశమి నాడు విభూతి యోగం వచ్చింది. చదువుతూ ఒకచోట ఆగిపోయి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏమిరా, ఈయన మన కపిలతీర్థం కపిలుడేనా?" అని అడిగింది.

ఆమె వేలు పెట్టి చూపించింది పదో అధ్యాయంలోని 26వ శ్లోకం.

అశ్వత్థః సర్వవృక్షాణాం దేవర్షీణాం చ నారదః
గంధర్వాణాం చిత్రరథః సిద్ధానాం కపిలో మునిః

చెట్లలో రావిచెట్టును, దేవర్షుల్లో నారదుణ్ణి, గంధర్వుల్లో చిత్రరథుణ్ణి, సిద్ధుల్లో కపిలమునిని నేనే అంటున్నాడు కృష్ణుడు. "ఆయనేనమ్మా" అన్నాను. తిరుపతిలో శేషాచలం కింద, ఆ తీర్థం దగ్గర ఆయన తపస్సు చేస్తే శివుడు కపిలేశ్వరుడుగా వెలిశాడని మన స్థలపురాణం.

అమ్మ అంతటితో వదల్లేదు. "అయితే ఈయనకు ఏమేమి శక్తులు ఉండేవి?"

సిద్ధుడు అనగానే మనకు తోచేది అదే. అణువంత కావడం అణిమ, కొండంత పెరగడం మహిమ, బరువెక్కితే గరిమ, దూదిలా తేలితే లఘిమ. తర్వాత ప్రాప్తి, ప్రాకామ్యం, ఈశిత్వం, వశిత్వం. మొత్తం ఎనిమిది. భాగవతం పదకొండో స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి పద్దెనిమిది లెక్క చెప్పి, మళ్లీ తానే ఇవన్నీ దారిలో అడ్డంకులంటాడు. యోగసూత్రాలు రాసిన పతంజలి కూడా అంతే. సమాధికి ఇవి 'ఉపసర్గలు' అన్నాడు. బడిలో ప్ర, పరా, అప అని వల్లెవేసిన ఉపసర్గలు కావు ఇవి. ఇక్కడ ఆ మాటకు ఆటంకమని అర్థం.

తమాషా ఏమిటంటే, ఈ ఎనిమిదింటిలో మనం రోజూ వాడేది మహిమ ఒక్కటే. అదీ ఒళ్లు పెంచడమనే అర్థంలో కాదు. పోయిన ఉంగరం దొరికితే స్వామి మహిమ, పిల్లకు సంబంధం కుదిరితే స్వామి మహిమ. ప్రాప్తి ఏమో ప్రాప్తంగా మారింది. కోరింది చేతికి తెచ్చుకోగల శక్తి ప్రాప్తి. కొండ మీద దర్శనం దొరక్క వెనక్కి వచ్చినవాళ్లు "ఈసారికి ప్రాప్తం లేదు" అంటారు చూడండి, అందులో మన చేతిలో ఏమీ లేదనే అర్థమే ఉంది. సిద్ధి పేరు కాస్తా దండం పెట్టే మాట అయింది. నాకైతే మనవాళ్ల వాడుకే నచ్చుతుంది.

అసలు సిద్ధి అనే మాటకు మూలంలో శక్తి అన్న అర్థం లేదు. సిధ్ అనే ధాతువుకు నెరవేరడం, పూర్తికావడం అని అర్థం. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు 'ఫలసిద్ధ్యర్థం' అంటాం. బియ్యం ఆమాన్నం, వండితే సిద్ధాన్నం. అమ్మ గరిటెతో రెండు మెతుకులు తీసి వేళ్ల మధ్య నలిపి, లోపల పలుకు లేదని చూసుకుని స్టవ్ కట్టేస్తుంది. ఆ అన్నానికి ఏ కొత్త శక్తీ రాలేదు, పచ్చిదనం పోయింది. సిద్ధుడు అంటే నాకు అలా పలుకు లేకుండా ఉడికిన మనిషే కనిపిస్తాడు.

కపిలుడి ఇంట్లో శక్తులకు కొదవ లేదు. తండ్రి కర్దముడు యోగబలంతో, కోరిన చోటికి పోయే విమానం సృష్టించి, భార్య దేవహూతిని అందులో లోకాలన్నీ తిప్పాడు. తొమ్మిదిమంది కూతుళ్లు పుట్టాక ఈయన పుట్టాడు. ఆ తర్వాత కర్దముడు సన్యాసం తీసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు దేవహూతి కొడుకు దగ్గరికి వచ్చి, ఈ ఇంద్రియాల దాహంతో విసిగిపోయాను, ఈ చీకటి దాటించు అంటుంది. విమానంలో తిరిగి వచ్చిన మనిషి అన్న మాట అది! భాగవతం మూడో స్కంధంలో కపిలుడు చేసిందల్లా కూర్చుని అమ్మకు ఓపిగ్గా జవాబు చెప్పడమే. ఎగరలేదు, మాయం కాలేదు.

సగరుడి అరవై వేలమంది కొడుకులను చూపుతో బూడిద చేశాడు కదా అంటారు. మునికోపంతో కాలిపోయారనడం సరైన మాట కాదని భాగవతమే తొమ్మిదో స్కంధంలో చెబుతుంది.

పౌర్ణమి నాడు కపిలతీర్థం వెళ్లాం. ఆ మధ్యాహ్నం మూడు లోకాల తీర్థాలూ అక్కడ కలుస్తాయని నమ్మకం. కాలు పెట్టే చోటు లేదు. కొండ మీంచి పడే నీళ్ల తుంపరకు అమ్మ చేతిలో అగ్గిపుల్లలు మూడు ఆరిపోయాయి. నాలుగోది నా చొక్కా అడ్డం పెట్టి వెలిగించాం. అరటిదొప్పలో దీపం నీళ్ల మీదికి వదిలి, మెట్టు మీద కూర్చుని, "ఇంతకీ ఆ దేవహూతి ఏమైంది?" అంది.

కొడుకు చెప్పిన దారిలోనే ముక్తి పొందిందని, ఆమె దేహం నదిగా మారిందని, ఆ చోటికి సిద్ధపదం అని పేరొచ్చిందని చెప్పాను. గుజరాత్‌లో సిద్ధపూర్ అని ఊరుంది, అదే అంటారని కూడా చెప్పాను.

"ఒకసారి పోదాం రా" అంది.

సరేనన్నాను. సిద్ధపూర్‌ను మాతృగయ అంటారనీ, అక్కడికి కొడుకులు ఏ పని మీద వెళ్తారో మాత్రం చెప్పలేదు.