మాస్టారి లైబ్రరీలో వెతుకులాట

మాస్టారి లైబ్రరీ ప్రోగ్రామ్‌లో సెర్చ్ బాక్స్ పెట్టే పని ఇవాళ్టికి ఒక కొలిక్కి వచ్చింది. చాన్నాళ్లుగా అడుగుతున్నారాయన. "అమ్మాయ్, నాలుగు వేల పుస్తకాలు ఎక్కించావు, బాగానే ఉంది. ఒక పుస్తకం కావాలంటే మాత్రం మౌస్ పట్టుకుని కిందికి లాక్కుంటూ పోవాలి. దీనికంటే నా పాత రిజిస్టరే నయం కదమ్మా" అన్నారు పోయిన వారం. కాదనడానికి లేదు. ఆ రిజిస్టర్‌లో ఏ పేజీలో ఏముందో ఆయనకి చూడకుండానే తెలుసు.

ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. తెనాలికి దగ్గర్లో, మా అమ్మమ్మగారి ఊళ్లో రెండు గదుల లైబ్రరీ నడుపుతున్నారు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాలనీ గోడ మీద పెయింటుతో రాయించారు. వాటిలో నాలుగోది, చదువరి సమయం ఆదా చెయ్యమని. అంటే రోజూ ఆ సూత్రం కింద కూర్చునే నా ప్రోగ్రామ్‌ని తిట్టుకుంటున్నారన్నమాట.

అక్కడున్నది ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్. దాంట్లో లినక్స్ వేసి, జాబితా ప్రోగ్రామ్‌ని పైథాన్‌లో, జీటీకే 4తో రాసిచ్చాను. విండోలూ బటన్లూ తయారుచేసి ఇచ్చే సరంజామా ఈ జీటీకే. వెతకడానికి జీటీకేలో రెండు విడ్జెట్లున్నాయి, అంటే తెర మీద పెట్టుకునే భాగాలు. సెర్చ్ ఎంట్రీ అంటే భూతద్దం బొమ్మ ఉన్న పెట్టె, అంతే. సెర్చ్ బార్ అంటే ఆ పెట్టెను లోపల పెట్టుకుని, అడిగినప్పుడు కిందికి జారి, ఎస్కేప్ కొట్టగానే పైకి ముడుచుకుపోయే పట్టీ. పొద్దున బార్‌తోనే మొదలుపెట్టాను. ఎంట్రీని బార్‌కి కలపడానికి ఒక లైను, పైనున్న భూతద్దం బటన్‌కి ముడిపెట్టడానికి ఇంకో లైను. సుతారంగా జారుతోంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ మాస్టారికి కంటికి కనిపించని వస్తువు లేనట్టే లెక్క. కంట్రోల్ పట్టుకుని ఎఫ్ కొట్టండి మాస్టారూ అని ప్రతిసారీ ఫోన్లో నేను చెప్పాలి. అంత ముచ్చట మనకెందుకని బార్ తీసేసి, ఎంట్రీ ఒక్కదాన్నే జాబితాకి పైన, విండో అంత వెడల్పున, ఎప్పుడూ కనబడేలా పెట్టేశాను. స్క్రీన్ శుభ్రంగా ఉండాలని అన్నీ బటన్ల వెనక దాచే ఫ్యాషన్ ఒకటొచ్చింది గానీ, డెబ్భై దాటినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి చూస్తే ఆ సరదా తీరిపోతుంది.

కీ క్యాప్చర్ అనే సదుపాయం మాత్రం వదల్లేదు. దానికి మొత్తం విండోని అప్పగిస్తే, మాస్టారు పెట్టెలో క్లిక్ చెయ్యకపోయినా, జాబితా చూస్తూ టైప్ చెయ్యడం మొదలుపెడితే చాలు, అక్షరాలు వాటంతటవే పెట్టెలోకి వెళ్తాయి. ఎస్కేప్ సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. ఎంట్రీ ఒక్కటే ఉన్నప్పుడు ఎస్కేప్ కొడితే అది "స్టాప్ సెర్చ్" అని ఒక సిగ్నల్ పంపి ఊరుకుంటుంది. పెట్టె ఖాళీ చేసి జాబితా మొత్తం మళ్లీ చూపించే లైను మనం రాయాలి. అక్షరం అక్షరానికీ జాబితా ఎగిరిపడకుండా "సెర్చ్ ఛేంజ్‌డ్" అనే ఇంకో సిగ్నల్ ఉంది. టైపింగ్ ఆగాక మామూలుగా 150 మిల్లీసెకన్లు చూసి అప్పుడు చెబుతుంది. మాస్టారు ఒక్కో కీ వెతుక్కుంటూ ఒంటి వేలితో కొడతారు కాబట్టి దాన్ని 400 చేశాను.

ఇదంతా కాఫీ చల్లారేలోపు అయిపోయింది. మిగిలిన రోజంతా తిన్నది తెలుగు.

జాబితా ఎక్కించింది ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు. ఒకరు ఫోన్లో కొట్టారు, ఒకరు ల్యాప్‌టాప్‌లో. సోవియట్ రోజుల్లో మాస్కో నుంచి వచ్చిన తెలుగు అనువాదాలు లైబ్రరీలో చాలానే ఉన్నాయి కదా అని టాల్‌స్టాయ్ పేరు కొట్టి చూస్తే, సగం పుస్తకాలే వచ్చాయి. కొందరు "టాల్‌స్టాయ్" అని కొట్టారు, కొందరు "టాల్స్టాయ్" అని. మొదటిదాంట్లో ల్ కీ స కీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒత్తు పడకుండా ఆపేది అదే. పైథాన్‌ని పొడవు అడిగితే గుర్తున్నదానికి 11, లేనిదానికి 10 అంటుంది. మనం రెండూ ఒకటే పేరనుకుంటాం, కంప్యూటర్‌కి అవి వేరే వేరే మనుషులు.

పాత డీటీపీ ఫైలు నుంచి మార్చి తెచ్చిన పేజీల్లో ఇంకో తిరకాసు. అక్కడ "వైద్యం"లో ఐత్వం ఒక్క కోడ్‌గా లేదు. ఎత్వం ఒకటి, కింద వేలాడే గుర్తు ఇంకొకటి, విడివిడిగా ఉన్నాయి. దీనికి అన్ని భాషల అక్షరాలకీ కోడ్‌లిచ్చే యూనికోడ్‌లోనే మందుంది. ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో నార్మలైజ్ చేస్తే, అంటే ఒకే రూపంలోకి తెస్తే, ఆ రెండూ కలిసి ఒక్కటవుతాయి. కనబడని గుర్తుని మాత్రం నార్మలైజేషన్ ముట్టుకోదు, దాన్ని మనమే ఏరెయ్యాలి.

ఇంతవరకూ యంత్రం గొడవ. తరవాతది మాస్టారి గొడవ. పాత పుస్తకాల అట్టల మీద "గుఱ్ఱము", "వ్యాకరణము" అని ఉంటాయి. ఇప్పటి పిల్లలు "గుర్రం", "వ్యాకరణం" అని కొడతారు. అందుకని ప్రతి పుస్తకం పేరుకీ వెనకాల ఒక రహస్యపు నకలు తయారుచేశాను. అందులో ఱ వస్తే ర, అరసున్నా వస్తే తీసివేత, పదం చివర "ము" వస్తే సున్నా. వెతికే మాటకీ అదే మర్దనా చేసి రెండిటినీ పోల్చడం. బాగానే ఉందనుకుని నెమ్మదిగా "వ్యాకరణము" అని కొడుతూ చూశాను. "వ్యాకరణ" దగ్గర పుస్తకాలన్నీ ఉన్నాయి. "వ్యాకరణమ" అయ్యేసరికి జాబితా ఖాళీ. కొమ్ము పడగానే మళ్లీ అన్నీ ప్రత్యక్షం! మధ్యలో ఉన్న ఆ మకారం నకలులో ఎక్కడా ఉండదు మరి. మాస్టారి వేగానికి ఆ ఖాళీ తెర తప్పకుండా కనిపిస్తుంది, "పుస్తకం లేదమ్మా" అని ఫోన్ చేసేస్తారు. ఇప్పుడు అసలు పేరునీ నకలునీ రెండిటినీ చూస్తున్నాను, ఏ ఒక్కదాంట్లో దొరికినా సరే.

దీంతో ఇంకో చిక్కుంది. జాబితాని వడపోసే జీటీకే ఫిల్టర్‌కి ఒక సూచన ఇవ్వొచ్చు, "ఇప్పుడు ఇంకా కట్టుదిట్టం చేశాను" అని. అలా చెబితే అది ఇప్పటికే మిగిలినవాటినే మళ్లీ వడపోస్తుంది, బయటికి పోయినవాటి జోలికి వెళ్లదు. ఇంగ్లిష్‌లో అక్షరం పెరిగేకొద్దీ ఫలితాలు తగ్గడమే కాబట్టి అందరూ ఆ సూచన ఇస్తారు. మన దగ్గర "మ" దగ్గర పోయిన "వ్యాకరణం" పుస్తకాలు "ము" దగ్గర తిరిగి రావాలి. అందుకని ఆ సూచన ఇవ్వకుండా, ప్రతిసారీ మొత్తం జాబితానే చూడమన్నాను. నాలుగు వేల పేర్లు ఎంతలోకి, పాత కంప్యూటరైనా తట్టుకుంటుంది.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "బండి ర తీసేశావా?" అన్నారు, గొంతు కొంచెం మారింది.

"లేదు మాస్టారూ, తెర మీద అట్ట మీదున్నట్టే ఉంటుంది. వెతికేటప్పుడు మాత్రమే రెండూ ఒకటిగా చూస్తుంది."

"అయితే సరే. మరి వేంకట, వెంకట?"

అది ఆలోచించకుండా ఉండలేదు నేను. రచయితల పేర్లలో సగం ఆ మాట దగ్గరే తేడా కొడతాయి. హ్రస్వమూ దీర్ఘమూ ఒకటే అని మొత్తానికి రూలు పెడితే "కల" అడిగినవాళ్లకి "కాల" వస్తుంది, "పలక" అడిగితే "పాలక" వస్తుంది. ఆ రూలు పెట్టనని చెప్పాను. ఆ ఒక్క మాటకీ విడిగా లైను రాస్తానన్నాను. "అలాంటివి నా దగ్గర ఇంకా ఉన్నాయి, రాసి పంపిస్తా" అన్నారు. పంపిస్తారు, ఆయన సంగతి తెలుసు కదా. పైగా రిజిస్టర్ నంబరు కొట్టినా పుస్తకం రావాలట. నంబరైతే మాత్రం మొత్తం సరిపోవాలి, లేకపోతే 12 అంటే 112, 3129 లాంటివన్నీ వచ్చి కూర్చుంటాయి. ఆ షరతు ఇందాకే రాసేశాను.

వేంకట లైను రేపు ఆఫీసు నుంచి వచ్చాక. మా తమ్ముడు బుధవారం ఊరెళ్తున్నాడు, పెన్‌డ్రైవ్ వాడి చేతికిస్తే చాలు.