బరువు అలాగే ఉంది, కండ తగ్గింది

రిటైరయ్యాక ఏటా హెల్త్ చెకప్ చేయించుకుంటున్నాను. బరువు ఎప్పుడూ 56 కిలోలే. "బరువు పెరగలేదు కదమ్మా, మీకేం ఫరవాలేదు" అనేవారు. కానీ జాకెట్టు చేతులు వదులవుతున్నాయి, నడుము దగ్గర మాత్రం బిగుతవుతోంది. కింద కూర్చుంటే నేల మీద చెయ్యి ఆనించనిదే లేవలేకపోతున్నాను.

బీపీ రావడంతో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ టేపు తీసి నడుము కొలిచారు. 89 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80 దాటకూడదట. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ల హార్మోను తగ్గి, తొడల్లో, తుంటిలో చేరే కొవ్వు పొట్టలోకి, లోపలి అవయవాల చుట్టూ చేరుతుందన్నారు. గుండెకు చేటు చేసేది ఎక్కువగా ఆ కొవ్వే. తిన్నాక రక్తంలో చేరే చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలు కాబట్టి, కండ తగ్గితే షుగరు వచ్చే ముప్పూ పెరుగుతుంది.

కండ ఎంత ఉందో, ఎంత బలంగా ఉందో చూసే పరీక్షలు తేలికే. చేతి పట్టు కొలిచే ఒక పిడిని గట్టిగా నొక్కమన్నారు. ఆసియా ఆడవాళ్లకు 18 కిలోలైనా రావాలి, నాకు 16 వచ్చింది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లలోపు అయిపోవాలి, నాకు 15 పట్టింది. తర్వాత డెక్సా స్కాన్. ఎముకల గట్టిదనం చూసే మిషనే అది. సూదులేం ఉండవు, కాసేపు కదలకుండా పడుకోవాలి. ఒళ్లంతటి కండ, కొవ్వు లెక్క కావాలని చీటీలో రాయించుకోండి. లేకపోతే వెన్ను, తుంటి ఎముకలు మాత్రమే చూసి పంపేస్తారు. కాళ్లూ చేతుల్లోని కండను ఎత్తుతో లెక్కగట్టిన అంకె ఆడవాళ్లకు 5.4 కంటే తగ్గకూడదు. నాది 5.1.

ఇంటికొచ్చాక చాలా టెన్షన్ పడ్డాను. రాత్రి భోజనం మానెయ్యమని చుట్టాలంతా సలహా. డాక్టరుగారు ఒప్పుకోలేదు. పస్తులుంటే కొవ్వుతోపాటు ఉన్న కండా పోతుందన్నారు. నడక మానొద్దు గానీ, అదొక్కటే చాలదు, కండరాలకు బరువు పని పడాలి అన్నారు.

ఫిజియోథెరపిస్టు దగ్గర కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులానించి నెట్టడం, మడమలెత్తడం, రబ్బరు బ్యాండు లాగడం నేర్చుకున్నాను. బలం పెట్టేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుందని ఆ అమ్మాయి పదే పదే చెప్పేది. మొదట్లో తొడలు బాగా నొప్పెట్టాయి.

తిండి సంగతి ఇంకా ముఖ్యం. ముందు క్రియాటినిన్ పరీక్ష చేసి, కిడ్నీలు బాగున్నాయని తేలాకే ప్రోటీన్ పెంచమన్నారు. రోజుకు, కిలో బరువుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. పెసరట్టు, ఉడికించిన శనగలు, గట్టి పెరుగు నాకు రోజూ ఉండాల్సిందే. నీళ్లలా కాచిన పప్పుచారు మీద ఆధారపడితే లాభం లేదు. మన ఇళ్లల్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది ఆడవాళ్లు తినడం నాకు ఇప్పుడు కోపం తెప్పిస్తోంది. "అత్తయ్యా, ముందు మీరు కూర్చోండి" అంటుంది మా కోడలు. నేను తననూ పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను.

ఇప్పుడు కుర్చీ పరీక్ష 11 సెకన్లలో అవుతోంది. నడుము 85కి దిగింది. బరువు మాత్రం అదే 56. మళ్లీ డెక్సా వచ్చే ఏడాది, అదే సెంటర్‌లో. మిషను మారితే పాత అంకెతో పోల్చి చూడలేమట.