గడువు తీరిన రెండింజన్ల రేటింగ్

రెండు పిస్టన్ ఇంజన్ల విమానాలు నడపడానికి పైలట్ లైసెన్సు మీద ఇచ్చే అనుమతి ఎంఈపీ (మల్టీ ఇంజన్ పిస్టన్) రేటింగ్. దాని ఆయుష్షు ఒక్క ఏడాదే. ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానాల రేటింగ్ రెండేళ్ళు నిలుస్తుంది కాబట్టి, రెండూ ఉన్నవాళ్ళకు ముందుగా గడువు తీరేది ఎప్పుడూ ఖరీదైనదే. గడువుకు ముందున్న మూడు నెలల్లో ఎగ్జామినర్‌తో ప్రొఫిషియెన్సీ చెక్, అంటే విమానం నడిపి చూపే నైపుణ్య పరీక్ష, పూర్తిచేసి, ఆ ఏడాదిలో పది రూట్ సెక్టార్లు ఎగిరి ఉంటే, లేదా అందుకు బదులుగా ఎగ్జామినర్‌తో ఒక సెక్టారు ఎగిరితే, రేటింగ్ యథాతథంగా కొనసాగుతుంది. సెక్టారు అంటే టేకాఫ్, కనీసం పావుగంట క్రూయిజ్, అప్రోచ్, ల్యాండింగ్ అన్నీ ఉన్న ప్రయాణమని నిబంధన చెబుతుంది. ఏరోడ్రోమ్ చుట్టూ చక్కర్లు కొట్టి ఆ లెక్క నింపడం కుదరదు. నేను ఉండేది బ్రిటన్‌లో. ఇక్కడ రెండింజన్ల విమానం అద్దె గంటకు నాలుగు వందల పౌండ్లు దాటిపోతోంది. ఇంటి వాయిదాలు, పిల్లల చదువుల మధ్య ఈ ఖర్చు వాయిదా పడటం విచిత్రమేమీ కాదు. అలా నా రేటింగ్‌కు గడువు తీరి ఏడాది దాటింది.

గడువు తీరాక దాన్ని పునరుద్ధరించే పద్ధతి వేరు. ఆమోదం పొందిన శిక్షణ సంస్థ, అంటే ఏటీవో, మన అనుభవాన్నీ, విరామం ఎంత అన్నదాన్నీ, విమానం ఎంత సంక్లిష్టమైనదన్నదాన్నీ చూసి, ఎంత రిఫ్రెషర్ శిక్షణ అవసరమో నిర్ణయిస్తుంది. ఆ శిక్షణ పూర్తయిందని ధ్రువపత్రం ఇచ్చాకే చెక్‌కు వెళ్ళాలి. ఇన్ని గంటలు ఎగరాలని నిబంధనలో గీత గీసి లేదు. యూరోపియన్ నియమాలకు తోడుగా చాలాకాలం నడిచిన మార్గదర్శకాల్లో మాత్రం ఒక కొలబద్ద ఉండేది: విరామం మూడు నెలల లోపయితే అదనంగా ఏమీ అక్కర్లేదు, ఏడాది లోపయితే కనీసం రెండు శిక్షణ సెషన్లు, ఏడాది దాటితే మూడు, మూడేళ్ళు మించితే మొదటిసారి చేసిన కోర్సంతా మళ్ళీ చేయాలి. ఆ మొదటి కోర్సులో ఆరు గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరాలి. అందులో మూడున్నర గంటలు ఒక ఇంజన్ పోయినప్పటి పరిస్థితులకే కేటాయిస్తారు. ఈ నిష్పత్తిని చూస్తే చాలు, రేటింగ్ అసలు దేనికోసమో తెలుస్తుంది. గంటల సంఖ్య నిర్ణయించకపోవడం మంచిదే గానీ, దానివల్ల బేరాలు మొదలయ్యాయి. "ఒక్క గంటలో అయిపోతుందా?" అని ఫోన్లోనే అడిగేవాళ్ళు ఉన్నారు, సరేననే స్కూళ్ళూ ఉన్నాయి. నా దృష్టిలో ఇది తప్పుడు పొదుపు. ఏడాది పాటు ముట్టుకోని విమానంలో మొదటి గంట స్విచ్చులు వెతుక్కోవడానికే సరిపోతుంది.

ఏ విమానంలో చేయాలన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడి స్కూళ్ళలో ఇప్పుడు డైమండ్ డీఏ42 విరివిగా కనిపిస్తుంది. అందులో ఒక్కో ఇంజన్‌కు ఒకే లీవర్ ఉంటుంది. ఆగిపోయిన ఇంజన్ మాస్టర్ స్విచ్ ఆపేస్తే ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ అవుతుంది, అంటే బ్లేడ్ల అంచు గాలికి ఎదురుగా తిరిగి, గాలికి అడ్డుపడటం తగ్గుతుంది. సుఖమే. కానీ నేను తరవాత ఎగరబోయేవి థ్రాటిల్ (ఇంజన్ బలానికి), ప్రొపెల్లర్ (దాని చుట్ల వేగానికి), మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాలుకు) అని ఇంజన్‌కు మూడేసి చొప్పున ఆరు లీవర్లున్న పాతకాలపు విమానాలు గనుక, 1970ల చివర్లో వచ్చిన పైపర్ సెమినోల్‌నే ఎంచుకున్నాను. కాగితం మీద రెండూ ఒకే రేటింగ్ కిందికి వచ్చినా, ఒకదానినుంచి ఇంకోదానికి మారడానికి వాటి తేడాలు నేర్పే డిఫరెన్సెస్ శిక్షణ తీసుకోవాలి. ఆ రకం విమానాన్ని రెండేళ్ళు నడపకపోతే ఆ శిక్షణ మళ్ళీ చేయాలి, లేదా అందులోనే చెక్ ఇవ్వాలి. చౌకగా దొరికిందని చేతికందిన విమానంలో చెక్ ఇచ్చేసేవాళ్ళు ఈ మాట ముందుగా అడిగి తెలుసుకోవడం మేలు.

విమానం ఎక్కేముందు తిరగేయవలసిన పాఠాలు కొన్ని ఉన్నాయి. రెండింట్లో ఒక ఇంజన్ పోతే సగం బలం పోయిందనుకోవడం సహజం. పైకెక్కే శక్తి మాత్రం సగం కన్నా చాలా ఎక్కువే పోతుంది. ఎందుకంటే విమానం ఎక్కేది మొత్తం బలంతో కాదు, సమతలంగా ఎగరడానికి ఖర్చుకాగా మిగిలిన బలంతో. నిండు బరువుతో సముద్రమట్టం దగ్గర సెమినోల్ రెండు ఇంజన్ల మీద నిమిషానికి 1,200 అడుగులకు పైగా ఎక్కుతుంది. ఒక్క ఇంజన్ మీద, ఆగినదాన్ని ఫెదర్ చేసి, చక్రాలు ఎత్తి, అన్నీ సవ్యంగా చేస్తే ఆ సంఖ్య 200 చుట్టుపక్కలకు పడిపోతుంది. చక్రాలు దిగి ఉన్నా, ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూనే ఉన్నా ఆ కాస్తా మిగలదు.

వేగం చూపే మీటరు మీద రెండు గీతలుంటాయి. సెమినోల్‌లో 88 నాట్ల దగ్గరున్న నీలిగీత ఒక్క ఇంజన్ మీద గరిష్ఠంగా పైకెక్కే వేగం; 56 నాట్ల దగ్గరున్న ఎర్రగీత, అంతకన్నా వేగం తగ్గితే ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్ పూర్తిగా తొక్కినా విమానం ముక్కు నిలవదని చెప్పేది. ఈ రెండో గీతను చాలామంది స్థిరమైనదనుకుంటారు. అది కొన్ని షరతులకు లోబడి కొలిచిన విలువ మాత్రమే: బతికిన ఇంజన్ పూర్తి బలంతో ఉండాలి, ఆగిన ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూ ఉండాలి, బరువు వెనక్కి ఉండాలి, బతికిన ఇంజన్ వైపు అయిదు డిగ్రీలకు మించకుండా వాలి ఉండాలి. టర్బో లేని ఇంజన్ల బలం ఎత్తుతో పాటు తగ్గుతుంది కాబట్టి, పైకి వెళ్ళేకొద్దీ అసలు ఎర్రగీత కిందికి జారుతుంది. రెక్కలు ఇక విమానాన్ని మోయలేని స్టాల్ వేగం మాత్రం మీటరు మీద అక్కడే ఉంటుంది. ఆ రెండూ కలిసే ఎత్తులో, ఎర్రగీత దాకా వేగం తగ్గించి చూపే శిక్షణ ప్రదర్శన చేయబోతే, ఒకవైపు మాత్రమే బలమున్న విమానం స్టాలై, గిరగిరా తిరుగుతూ పడే స్పిన్‌లోకి వెళ్ళగలదు. అందుకే ముక్కు పక్కకు లాగడం మొదలైన క్షణంలోనే ఆపేయమని ఇన్‌స్ట్రక్టర్లు పదేపదే చెబుతారు.

గాల్లో జరిగే శిక్షణలో అసలు పని కాళ్ళది. ఇన్‌స్ట్రక్టర్ ఒక పాత మ్యాపును లీవర్ల మీద అడ్డంగా పట్టుకుంటాడు, దాని వెనకనుంచి ఒక థ్రాటిల్ వెనక్కి లాగేస్తాడు. ముక్కు ఒకవైపుకు తిరుగుతుంది, చెయ్యి లీవర్ల వైపు ఉరుకుతుంది. దాన్ని ఆపి ముందు రడ్డర్‌తో ముక్కు నిలపాలి. నిలిచాక మిక్స్చర్లు, ప్రొపెల్లర్లు, థ్రాటిళ్ళు అన్నీ ముందుకు తోసి, చక్రాలూ ఫ్లాపులూ ఎత్తాలి. తొక్కకుండా ఖాళీగా ఉన్న కాలు ఏ వైపుదో ఆగిన ఇంజన్ ఆ వైపుది. ఆ వైపు థ్రాటిల్‌ను నెమ్మదిగా వెనక్కి లాగితే ఏ మార్పూ రాకూడదు. వస్తే మనం పట్టుకున్నది బతికి ఉన్నదాన్ని. ఈ నిర్ధారణ తరవాతే ఫెదర్ చేయాలి. ఇంత నిదానం చెబుతూనే త్వరపడమని కూడా విమానం అడుగుతుంది. సెమినోల్ ప్రొపెల్లర్ నిమిషానికి 950 చుట్ల కన్నా తగ్గితే లోపలి పిన్నులు పడి ఇక ఫెదర్ కాదు. నేలమీద ఇంజన్ ఆపిన ప్రతిసారీ ఫెదర్ కాకుండా పెట్టిన ఏర్పాటు అది. ఇంజన్ బిగుసుకుపోతూ ఉంటే ఈ అవకాశం కొద్ది క్షణాలే.

శిక్షణలో ఎక్కువసార్లు ఫెదర్ నిజంగా చేయరు. థ్రాటిల్‌ను జీరో థ్రస్ట్ దగ్గర, అంటే ప్రొపెల్లర్ ముందుకు లాగకుండా, వెనక్కి పట్టకుండా ఉండే చోట పెట్టి, ఫెదర్ అయినట్టు భావిస్తారు. కానీ ఒకసారి తగినంత ఎత్తులో నిజంగానే ఆపి చూపించారు. రెక్క మీద ప్రొపెల్లర్ బ్లేడు అంచు గాలికి ఎదురుగా నిలబడి కదలకుండా ఉంటే, బతికి ఉన్న ఇంజన్ చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపిస్తుంది. మళ్ళీ స్టార్ట్ చేశాక చల్లబడ్డ ఇంజన్ వేడెక్కేదాకా తక్కువ బలం మీదే ఉంచాలి. ఈ ఓపిక లేని విద్యార్థుల వల్లే స్కూళ్ళకు సిలిండర్ల ఖర్చు పెరుగుతుందని మెకానిక్కులు వాపోతారు.

నాకు అన్నిటికన్నా తుప్పుపట్టిందనిపించినది మాత్రం కాళ్ళూ చేతులూ కాదు, టేకాఫ్‌కు ముందు బిగ్గరగా చెప్పుకునే నిర్ణయం. రన్‌వే మీద ఉండగా ఇంజన్ పోతే రెండు థ్రాటిళ్ళూ మూసి ఆపడం. లేచాక, చక్రాలు ఇంకా కిందే ఉండి ముందు రన్‌వే మిగిలి ఉంటే మూసి దిగడం. చక్రాలు ఎత్తి నీలిగీత వేగం అందుకున్నాకే ఎగురుతూ కొనసాగడం. మధ్యలో ఉన్న ఆ కొన్ని సెకన్లలో, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌ను కూడా చేతులారా మూసేయడానికి మనసు ఒప్పుకోదు. బతికి ఉన్నది ఎలాగోలా లాక్కెళ్తుందన్న ఆశతో వేగం చంపుకొని, ఎర్రగీత కిందికి జారి తిరగబడిన ప్రమాదాలు ఈ తరగతి విమానాల చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఈ భాగాన్ని స్కూలు అడిగినదానికన్నా ఒక సెషన్ ఎక్కువగా చేశాను, డబ్బు నాదే.

చెక్‌లో ఆశ్చర్యాలేమీ లేవు. మామూలు విన్యాసాలు, స్టాల్, టేకాఫ్ తరవాత ఇంజన్ పోయినట్టు భావించడం, ఒక్క ఇంజన్ మీద అప్రోచ్, గో-అరౌండ్ (దిగడం మానుకొని మళ్ళీ పైకెక్కడం), ల్యాండింగ్. ఒక్క ఇంజన్ మీద గో-అరౌండ్‌కు ఒక ఎత్తు ముందే నిర్ణయించుకొని, దాని కిందికి వచ్చాక ఏమైనా దిగడమే అన్న పద్ధతి ఇక్కడ గట్టిగా పాటిస్తారు. ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే.

ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మన పిల్లలకు ఇందులో ఒక లెక్క ఉంది. ఎంఈపీతో పాటు, బయట కనిపించకపోయినా మీటర్లు చూసి ఎగరడానికి ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఏడాదికే తీరుతుంది; దాన్ని ఏడేళ్ళకు మించి వదిలేస్తే సిద్ధాంత పరీక్షలూ మళ్ళీ రాయాలి. రెండూ ఒకే ఫ్లైటులో చెక్ ఇస్తే ఖర్చు కలిసివస్తుంది. ఎయిర్‌బస్ నడిపే ఉద్యోగం వచ్చాక ఎంఈపీని వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆ ఒక్క రకం విమానానికే ఇచ్చే టైప్ రేటింగ్ దీన్ని బతికించదు, ఏ320 కెప్టెన్ అయినా ఇది లేకుండా సెమినోల్ నడపకూడదు. 2020 చివరినుంచి బ్రిటిష్ లైసెన్సూ యూరోపియన్ లైసెన్సూ వేరువేరు గనుక, ఎగ్జామినర్ అధికారం తమ లైసెన్సు మీద చెల్లుతుందో లేదో బుక్ చేసేముందే చూసుకోవాలి.

కొత్త గడువు చెక్ జరిగిన నెలాఖరునుంచి పన్నెండు నెలలు. నాది చలికాలంలో తీరేలా పడింది. మంచు కరిగించే పరికరాలు లేని విమానానికి బ్రిటన్ చలికాలపు మబ్బుల్లో చెక్ కుదరడం కష్టం కాబట్టి, మూడు నెలల కిటికీ తెరుచుకోగానే, శరదృతువులోనే తేదీ ఇవ్వమని ఎగ్జామినర్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.