అకామా ప్రశ్న, అడ్మిన్ పని

"అన్నా, అకామా మారుతుందా?"

కువైట్‌లోని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెగ వచ్చే ప్రశ్న ఇదే. అకామా అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్. జవాబులు చకచకా పడతాయి, ఒకదానికొకటి పొసగవు. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పరు, ఎవరికి జరిగింది వాళ్లు చెబుతారు. అడిగినామెది ఇంటిపని ఖాదిమ్ వీసానా (20వ నంబరు), కంపెనీ సూన్ వీసానా (18) అన్నది ఎవరూ అడగరు. రెండింటి రూల్సూ వేరు. అందుకే అడ్మిన్ జవాబు జోలికి పోకుండా ముందు మూడు అడగాలి: ఏ వీసా, ఈ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఎన్నాళ్లు, అకామా గడువు ఎప్పుడు.

ఇక తేదీ గొడవ. 2024లో జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా ఖాదిమ్ నుంచి సూన్‌కు మారనిచ్చారు. కఫీల్ దగ్గర ఏడాది నిండాలి, ఆయన ఒప్పుకోవాలి, ఫీజు 50 దీనార్లు. అప్పటి ఆడియో ఈరోజు ఫార్వార్డ్ అయితే దాని పక్కన ఈరోజు టైమే కనిపిస్తుంది. వినేవాళ్లకు అది తాజా కబురే! పాపం, కఫీల్‌తో మాట తెగాక గానీ ఆ గడువు ఎప్పుడో అయిపోయిందన్న సంగతి తెలియదు. రెండు బాణాల గుర్తుతో (అంటే చాలాసార్లు ఫార్వార్డ్ అయి) వచ్చిన మెసేజ్‌ని అసలు తేదీ తేలేదాకా గ్రూపులో ఉంచొద్దు.

అలాగని ఆడియోలే వద్దంటే గ్రూపు సగం మూగబోతుంది. టైపింగ్ రానివాళ్లకు అదే దారి. కాకపోతే ఆడియోని తర్వాత వెతికి పట్టుకోలేం. దాని కిందే రిప్లైగా ఎవరో ఒకరు రెండు ముక్కలు టైప్ చేయాలి: ఏ వీసా, ఏ ఆఫీసు, ఏ తేదీ. పనికొచ్చేదాన్ని పిన్ చేయొచ్చు, అదీ 30 రోజులే. ఇళ్లలో చేసేవాళ్ల చేతికి ఫోన్ రాత్రి గానీ రాదు కాబట్టి పగటి జవాబుల్ని పడుకునేముందు ఇంకోసారి పైకి తేవాలి. వేర్వేరు డ్యూటీ టైములున్న ముగ్గురు అడ్మిన్లుంటే ఇది నడుస్తుంది.

పాస్‌పోర్ట్, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) ఫొటో పడిందా, వెంటనే అందరికీ డిలీట్ చేయాలి. ఈలోపు సేవ్ చేసుకున్నవాళ్లని ఆపలేం, కనుక ఈ మాట గ్రూపు వివరణలో మొదటి లైనుగా ఉండాలి. వీసాలున్నాయంటూ వచ్చే ఏజెంటును లైసెన్స్ నంబరు అడిగి భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూడాలి. ప్రభుత్వ రూల్ ప్రకారం అతను తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతే.

అన్నిటికన్నా కష్టం పదిహేనేళ్ల సీనియర్‌తో. ఆయన చెప్పింది ఒకప్పుడు నిజమే. అందరి ముందూ "తప్పు" అంటే అలిగి వెళ్లిపోతాడు, ఆయనతోపాటు ఆస్పత్రులు, ఆఫీసుల దారులన్నీ పోతాయి. "అన్నా, ఇది ఏ సంవత్సరం మాట?" అని అడిగితే చాలు, ఆయనే సర్దుకుంటాడు.

ఆఫీసుకు వెళ్లొచ్చినామెని ఆ రాత్రే అడగాలి: కౌంటర్ దగ్గర ఏ కాగితం అడిగారు, ఎన్ని దీనార్లు కట్టావమ్మా? పని కాకపోయినా సరే, ఆమె చెప్పింది తేదీ వేసి పిన్ చేయాలి.