గుల్జార్ హౌజ్ దగ్గర ఆగి చూడండి

చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్ళలో చాలామంది మినార్ల కింద ఒక ఫోటో దిగి, లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కుని వెళ్ళిపోతారు. హైదరాబాద్ నడిబొడ్డు ఎలా కుదురుకుందో తెలియాలంటే మాత్రం ఉత్తరాన ఉన్న మదీనా చౌరస్తా వైపు నుంచి నడిచి రావాలి. పత్తర్‌గట్టి దాటి మచిలీ కమాన్ కింద నుంచి వస్తే ఎదురుగా గుల్జార్ హౌజ్. అక్కడ నిలబడితే తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. అసలు చౌక్ ఇది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాడు. మరుసటి ఏడాది ఈ నాలుగు కమాన్లు లేచాయి. నగరం నమూనా గీసింది ఆయన పీష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ. పడమటి కమాన్ రాజమహళ్ళకు దారి. నడుమ జాగాని జిలూఖానా అనేవారు, అంటే రాజు ఎదుట సైన్యం బారులు తీరే మైదానం. ఇప్పుడక్కడ నగల దుకాణాలు కమాన్ల గోడల్ని ఆనుకుని ఉన్నాయి. ఒకప్పుడు ఎనిమిది పలకల నీటి తొట్టి అయిన హౌజ్, బళ్ళు చుట్టూ తిరిగే చిన్న దిబ్బగా మిగిలింది. ఈ చౌరస్తాలో అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది ఇదేనని నా అభిప్రాయం.

ఇక చార్మినార్. ఒక్కో పక్క 20 మీటర్లు, ఎత్తు సుమారు 56 మీటర్లు, మినార్ లోపల 149 మెట్లు. పై అంతస్తులో పడమటి వైపు మసీదు. నాలుగు దిక్కులా కనిపించే గడియారాలు 1889లో పెట్టినవి. మనల్ని మొదటి అంతస్తు దాకే ఎక్కనిస్తారు.

2019 మే నెలలో వానల తర్వాత ఒక మినార్ నుంచి గచ్చు నగిషీ ముక్క ఊడిపడింది. ఆ పూల పని రాయిలో చెక్కింది కాదు, గచ్చుతో పోసింది. గానుగ సున్నం, ఇసుక నలిపి, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి మెత్తేది పాత పద్ధతి. సున్నం గాలిని పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, లోపలి తేమను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటుతో అతుకు వేస్తే తేమ లోపలే ఉండిపోయి, పట్టు వదిలి, అతుకుతో పాటు పాత గచ్చు కూడా పెళ్ళలుగా ఊడుతుంది. అందుకే మరమ్మతు కూడా సున్నంతోనే జరగాలి. సన్నటి పగుళ్ళలోకి వాన నీరు దిగుతుంది. పొగలోని గంధకం సున్నాన్ని నల్లటి పెచ్చుగా మారుస్తుంది. బళ్ళను దూరం పెట్టి, చుట్టూ రాతి బండలు పరిచి కాలినడకకు వదలడం ఈ కట్టడానికి జరిగిన మంచి పనుల్లో ఒకటి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఇంత ఇరుకు పాతబస్తీలో ఆ నియమం అమలు చేయడం తేలిక కాదు, కానీ సడలిస్తే మిగిలేదేమీ ఉండదు.

చార్మినార్‌కి పడమట లాడ్ బజార్. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా అతికించి, వేడి ఆరకముందే రాళ్ళు పొదుగుతారు. వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, రాళ్ళు కదులుతాయి.

తీరిగ్గా చూడాలంటే దుకాణాలు తెరవకముందు, పొద్దున్నే రండి. శుక్రవారం మధ్యాహ్నం, దక్షిణాన ఉన్న మక్కా మసీదులో నమాజు వేళ, దారి దొరకదు. రంజాన్ రాత్రుల్లో అయితే బండి దూరంగా పెట్టి నడవాల్సిందే.