కారు చూసి క్యాబ్ అనుకున్నాడట

పదకొండున్నరయింది, నిద్ర రావట్లేదు. కారణం చెబితే నవ్వుతారు.

సాయంత్రం ఇక్కడ బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దాటాక, వానలో, మా ఆవిడ కోసం ఓ పక్కన ఆపుకుని కూర్చున్నా. వెనక డోర్ తెరుచుకుంది. ఓ కుర్రాడు తడిసిన గొడుగు కింద పడేసి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో తెలుగులో "ఆఁ, ఎక్కేశా" అని ఎవరికో చెప్పి, నాకు మాత్రం కన్నడలో నాలుగంకెల ఓటీపీ చెప్పాడు. బాబూ, ఇది క్యాబ్ కాదు అంటే నాలుక కరుచుకుని "సారీ అంకుల్, కారు చూసి క్యాబ్ అనుకున్నా" అని దిగిపోయాడు. నంబర్ ప్లేటు తెల్లదో పసుపుదో చూసుకోవద్దూ! అంకుల్ అన్నందుకు బాధ లేదు, అలవాటైపోయింది. "కారు చూసి" అన్నాడే, అదీ.

వాడి తప్పు కూడా ఏం లేదులెండి. అన్నిటికన్నా చవక మోడల్ కొన్న పాపాన్ని ఎడమవైపు అద్దం దగ్గర ఇప్పటికీ అనుభవిస్తున్నా. లోపల్నుంచి తిప్పడానికి ఏమీ లేదు దానికి. ఏ బైకువాడో మోచెయ్యి తగిలించి పోతాడు, అద్దంలో ఆకాశం కనిపిస్తుంది. రెడ్ పడేదాకా ఆగి, బెల్టు తీసి, పక్క సీటు మీద పడుకున్నట్టు వంగి, చేత్తో గ్లాసు దించి, చెయ్యి బయటపెట్టి సరిచేసి మళ్లీ ఇటొచ్చి చూస్తే ఈసారి మన వెనక టైరు, దాని పక్కన రెండడుగుల రోడ్డు, అంతే. ఇంతలో గ్రీన్, వెనక హారన్లు. తలుపు వేస్తే రేకు డబ్బా చప్పుడు. నలుగురెక్కితే స్పీడ్ బ్రేకర్ మీద అడుగు గీసుకుంటుంది. అమ్మేద్దామని పది గంటలకే గట్టిగా అనుకున్నా, పాత కార్ల యాప్‌లో వివరాలు కూడా సగం నింపా.

కిలోమీటర్లు నింపుతుంటే మొగిలి ఘాట్ గుర్తొచ్చింది. మే నెల, కాణిపాకం నుంచి తిరిగొస్తున్నాం, ఐదుగురం. బంగారుపాళ్యంలో అత్తయ్య బేరమాడి రెండు బుట్టల మామిడికాయలు కొంది, డిక్కీలో ఒకటే పట్టింది, రెండోది వెనక సీట్లో ఆవిడ ఒళ్లో. ఘాట్ మొదలవగానే బండి మూలగడం మొదలుపెట్టింది. ఏసీ కంప్రెసర్‌ని తిప్పాల్సింది కూడా ఆ 800 సీసీ ఇంజనే కదా, ఎంతని లాగుతుంది? ఏసీ కట్టేశా. గ్లాసులు దించితే వేడిగాలి, లారీ పొగ. సెకండ్ గేర్. మావాడు మమ్మల్ని దాటిపోయే బండ్లను లెక్కపెడుతున్నాడు, ఇరవై దాటాక వాళ్లమ్మ గిల్లింది. కాసేపటికి వెనకనుంచి మామయ్య ఎంతో మర్యాదగా, "నేను దిగి నడిచొస్తాలే నాయనా, పైన ఎక్కించుకుందువు" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు, అందుకే ఇంకా మండింది. ఆ మాట ఇప్పటికీ ప్రతి పండక్కీ వస్తుంది.

కానీ ఎక్కింది. ఒక్కచోటా ఆగకుండా పలమనేరు చేర్చింది. 1983లో వచ్చిన మారుతి 800లోనూ 796 సీసీ ఇంజనే, 2014 దాకా ఎన్ని సంసారాలు దాంతోనే ఊళ్లు తిరిగాయో. మధ్యలో 2008లో నానో చూపించినప్పుడు లక్ష రూపాయల కారని ఎంత సంబరం! చివరికి అతి చవక కారన్న ముద్రే దానికి చేటు చేసిందని రతన్ టాటాయే అన్నారు. అంటే మనకి చవగ్గా కావాలి, చవకని పక్కవాడికి తెలియకూడదు. నేనేం తక్కువ తిన్నానా, గంటన్నర నుంచి చేస్తున్నది అదేగా.

మా వీధి తెలుసుగా, రెండువైపులా బైకులు, మూలమీద కొబ్బరిబోండాల బండి. ఎదురింటాయన తన పెద్ద బండిని ఆ మూల తిప్పడానికి రోజూ మూడుసార్లు ముందుకీ వెనక్కీ వెళ్తాడు, వాళ్లావిడ దిగి "రండి, రండి, ఆఁ, చాలు" అనాలి. నేను ఒక్క తిప్పులో వెళ్లిపోతా. సిటీలోనే లీటరుకి పదిహేడు ఇస్తుంది. ఆయన్ని ఎంతిస్తుందని అడిగితే మాట మారుస్తాడు.

యాప్‌లో నింపిన సగం అలాగే ఉంచా. తీసెయ్యలేదు, పంపలేదు.

అన్నట్టు ఆ కుర్రాడు గొడుగు వెనక సీటు కిందే మర్చిపోయాడు, మా బాత్రూంలో ఆరుతోంది. మా ఆవిడ దాన్ని చూసి, "యాప్‌లో కంప్లైంట్ పెడతాడేమో, రేటింగ్ పడిపోతుంది జాగ్రత్త" అని నవ్వుకుంటూ పడుకుంది.