పెద్దాయన గ్యారేజీ

మా వీధి చివరింటి పెద్దాయన ఏప్రిల్లో పోయారు. పదకొండేళ్లుగా చేతులూపుకోవడమే మా పరిచయం. పోయిన శనివారం ఆ ఇంట్లో ఎస్టేట్ సేల్ పెట్టారు.

ఇక్కడ అమెరికాలో ఎవరైనా పోతే, పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు కదా, ఇంట్లో సామాన్లు అమ్మడానికి ఒక కంపెనీని మాట్లాడతారు. వాళ్లొచ్చి మంచాల నుంచి గరిటెల దాకా ధర చీటీలు అంటించి, ఆ ఇంట్లోనే అమ్మేసి, కమీషన్ తీసుకుంటారు. మొదటిరోజు పూర్తి ధర, చివరిరోజు సగం. ఈ కొలంబస్ ఊరికి నేను వచ్చిన కొత్తలో ఒక సేల్‌లో కోరెల్ ప్లేట్లు కొన్నానని చెబితే, "పోయినవాళ్ల సామాన్లు ఇంట్లోకి తెస్తావుట్రా" అని అమ్మ ఫోన్లోనే తిట్టింది. తర్వాత ఇక్కడికొచ్చి ఆర్నెల్లు వాటిలోనే తింది. వెళ్తూ వెళ్తూ నాలుగు ప్లేట్లు సూట్‌కేసులో సర్దుకుంది కూడా.

ఈసారి ఏమీ కొనకూడదనే వెళ్లాను. గ్యారేజీలో ఆగిపోయాను. గోడకి ఒక చెక్క అర. దాని అడుగున జెర్బర్ సీసాల మూతలు, అవే పసిపిల్లల తిండి సీసాలవి, వరసగా మేకులు కొట్టి బిగించి ఉన్నాయి. సీసాలు వాటికి వేలాడుతున్నాయి. సీసాని పట్టుకుని సగం మెలిక తిప్పితే చేతిలోకొస్తుంది. ఒకదాంట్లో వాషర్లు, ఇంకోదాంట్లో ఇత్తడి స్క్రూలు, మరోదాంట్లో వంగిన మేకులు. వంగినవి కూడా దాచారు!

తెనాలిలో నాన్నకి హార్లిక్స్ సీసా ఉండేది. నట్లు, బోల్టులు, పాత తాళంచెవులు, సైకిల్ బాల్స్ అన్నీ అందులోనే. ఏదైనా కావాలంటే పేపరు పరిచి మొత్తం గుమ్మరించేవారు, ఏరడం నా పని. 2019లో ఆ ఇల్లు అమ్మినప్పుడు మా బావ వీడియో కాల్‌లో ఒక్కోటీ చూపిస్తూ, "ఇదేం చేద్దాం బావా?" అని అడిగాడు. ఇక్కడ నాకు ఆఫీస్ మీటింగ్‌కి టైమవుతోంది. "పారెయ్" అన్నాను.

ఆ అర ఎంతని అడిగాను. ఇరవై డాలర్లట, విప్పుకోవడం నా బాధ్యతేనట. "రేపొస్తే పదికే వస్తుంది" అని కౌంటర్ దగ్గరమ్మాయి మెల్లగా చెప్పింది. రేపటిదాకా ఆగబుద్ధి కాలేదు.

ఇంటికి తెస్తే మా ఆవిడ పైనుంచి కిందికి చూసి, "ముందు మనింట్లో స్క్రూడ్రైవర్ ఎక్కడుందో చెప్పండి" అంది.

లేదు. విప్పడానికి వాడింది కూడా పెద్దాయనదే. దానికి ఇంకో డాలరు.